నీళ్లు పోసేవాళ్లకు వాటా ఏది?

వానాకాలంలో ఊరూరా నాటే మొక్క నిజానికి ఎండాకాలం పంట. మాఘ ఫాల్గుణాల్లో నల్ల పాలిథిన్ సంచుల్లో మట్టి, పశువుల ఎరువు కలిపి నింపి గింజ పెడతారు. అది మొలిచి జానెడు ఎదిగేసరికి ఎండలు ముదురుతాయి. అక్కడి నుంచి మృగశిర కార్తె దాకా, సంచిలో ఉన్న ఆ కాస్త మట్టి ఒక్కరోజు తడి తప్పితే మొక్క తల వాలుస్తుంది. పొద్దున్నే ఒక తడి, పొద్దు వాలాక మరో తడి. మధ్యలో కలుపు తీయాలి. వేళ్లు సంచి దాటి నేలలోకి దిగకుండా సంచుల్ని అటూ ఇటూ జరపాలి. గాలికి చిరిగిన గ్రీన్‌నెట్‌ను మళ్లీ కట్టుకోవాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ ఊరి నర్సరీ చూసినా ఈ పని చేసేది ఉపాధి హామీ కూలీలే, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్లే. జులైలో పెద్దమనుషులు పాదులో పోసే చెంబెడు నీళ్లకు ఫొటో తీస్తారు. ఏప్రిల్, మే నెలల్లో వీళ్లకూ ఫొటోలు తీస్తారు, అయితే అవి హాజరు కోసం.

ఉమ్మడి తోటను ఎవరు నాటారన్న ముచ్చట అందరికీ గుర్తుంటుంది. ఎండల్లో దాన్ని ఎవరు కాపాడుతున్నారు, కాపాడినందుకు వాళ్లకేం దక్కుతోంది అన్న ప్రశ్న దగ్గరే మన పచ్చదనం లెక్క తప్పుతోంది.

తప్పుతున్నది డబ్బు లేకనో చట్టం లేకనో కాదు. 2015 జులై 3న చిలుకూరులో తెలంగాణ ప్రభుత్వం మొక్కలు నాటే హరితహారం కార్యక్రమాన్ని మొదలుపెట్టినప్పుడు రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలన్నది లక్ష్యం. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని రాసింది, బతక్కపోతే సర్పంచ్, కార్యదర్శి జవాబు చెప్పాలంది. పంచాయతీ బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికే పెట్టాలన్నారు. 2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి వచ్చాక ఊరూరా నర్సరీ వెలిసింది. ప్రతి పంచాయతీకీ ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ల ట్యాంకరు వచ్చాయి. 2020 నుంచి పల్లె ప్రకృతి వనాలు. రాష్ట్రం మొత్తంలో అవి 19 వేలు దాటాయి. ప్రభుత్వం మారాక 2024లో కార్యక్రమం పేరు వన మహోత్సవం అయింది. పేరు ఏదైతేనేం, ఎండ అదే ఎండ.

కొన్ని ఊళ్లలో ఈ వనాలు నిజంగా బాగున్నాయి. సాయంత్రం పూట ముసలివాళ్లు కూర్చుంటారు, పిల్లలు ఆడుకుంటారు, నీడ చిక్కబడింది. చాలా ఊళ్లలో మాత్రం ఆర్చి మీద పేరు, లోపల ఎండిన కట్టెలు, గేటు సందులోంచి దూరిన మేకలు మిగిలాయి. ఒకే నమూనాను రాష్ట్రమంతటా అచ్చు గుద్దినట్టు దించడం మొదటి పొరపాటు. భూపాలపల్లి జిల్లాలో పలిమెల, మహాముత్తారం మండలాల్లో ఊరు దాటి నాలుగడుగులు వేస్తే అడవే. అలాంటి చోట అరెకరంలో కంచె వేసి లోపల ప్రకృతి అని రాస్తే అక్కడివాళ్లకు నవ్వు రాదా? ఆ ఊళ్లకు కావలసింది కూరగాయల మడి, పండ్ల చెట్లు. ఇక కోనోకార్పస్ సంగతి చెప్పనే అక్కర్లేదు. తొందరగా పచ్చగా కనిపిస్తుందని తెచ్చి నాటారు, 2022లో వద్దని ప్రభుత్వమే ఆపింది. తనిఖీ నాటికి పచ్చగా కనబడితే చాలన్న ఆలోచనే ఆ మొక్కను ఊళ్లకు తెచ్చింది.

వేసవి నిర్వహణ భారమంతా చివరికి ఎవరి మీద పడుతోందో చూడండి. పంచాయతీ మల్టీపర్పస్ వర్కర్ పొద్దున్నే ఊడుస్తాడు, చెత్త ట్రాక్టరు నడుపుతాడు, మోటారు వేస్తాడు, వీధి దీపం మాడితే స్తంభం ఎక్కుతాడు, ఆ మిగిలిన టైములో మొక్కలకు ట్యాంకరు తోలాలి. మొదట్లో నెలకు 8,500 రూపాయలిచ్చేవారు, 2023 మే డే నాడు వెయ్యి పెంచారు. అదీ నెలనెలా చేతికి రాదన్నది వాళ్ల ధర్నాల్లో ఎప్పుడూ వినబడే మాట. వెయ్యి మొక్కలకు తలా అయిదు లీటర్లు పోయాలన్నా రోజుకు అయిదు వేల లీటర్లు కావాలి. డీజిల్ కావాలి, బోరులో నీళ్లుండాలి, బోరుకు కరెంటుండాలి. పైగా 2024, 2025 ఎండాకాలాలు రెండూ సర్పంచులు లేకుండానే గడిచాయి. 2024 ఫిబ్రవరి నాటికి పాత పాలకవర్గాల గడువు తీరింది, 2025 డిసెంబరు దాకా ఎన్నికలు జరగలేదు. ఎన్నికైన పాలకవర్గం లేదని ఆర్థిక సంఘం నిధులూ ఆగాయి. ఒక ప్రత్యేకాధికారి చేతిలో నాలుగైదు ఊళ్లున్నప్పుడు ఏ ఊరి తోటకు ఏ పూట నీళ్లు అందాయో ఆయనకు మాత్రం ఎలా తెలుస్తుంది?

ఇక ఎండ సంగతి. మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వాతావరణ శాఖ దాన్ని వడగాడ్పు అంటుంది. 45కు చేరితే మామూలుతో పనిలేకుండా వడగాడ్పే. 2015లో ఒక్క తెలంగాణలోనే అధికారిక లెక్క ప్రకారం 541 మంది వడదెబ్బకు చనిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 1,369 మంది. పదేళ్ల తర్వాత, 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడదెబ్బను విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి అంతకుముందున్న 50 వేలకు బదులు 4 లక్షలు ఇస్తామంది. మంచి నిర్ణయం. కానీ దాని పక్కన ఇంకో సంగతి పెట్టి చూడాలి. ఉపాధి హామీలో ఒకప్పుడు వేసవి భత్యం ఉండేది. కూలి కొలతల ప్రకారం వస్తుంది, ఎండాకాలం నేల రాయిలా బిగుసుకుని గడ్డపార దిగదు కాబట్టి చేసిన పనికి అదనంగా లెక్కగట్టేవారు. ఫిబ్రవరిలో 20 శాతం, మార్చిలో 25, ఏప్రిల్, మే నెలల్లో 30, జూన్‌లో 20. రాష్ట్రం సొంత సాఫ్ట్‌వేర్ వదిలి కేంద్రం సాఫ్ట్‌వేర్‌కు మారాక ఆ భత్యం మాయమైంది. చనిపోతే వచ్చే డబ్బు ఎనిమిది రెట్లయింది, బతికి పని చేసేవాళ్లకు వచ్చే అదనం సున్నా అయింది.

హాజరు ఫొటోల గొడవ మరొకటి. 2023 జనవరి నుంచి ప్రతి పనిచోటా యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫొటో ఎక్కించాలి. పొద్దున ఆరింటికే వచ్చి తొమ్మిదింటికల్లా తడులు ముగించుకున్నా, రెండో ఫొటో దాకా కదలకూడదు. సిగ్నల్ లేని ఊళ్లో ఆ ఎదురుచూపు ఇంకా సాగుతుంది. నీళ్లు పోయడమన్నది రెండు పూటల పని. నడిమధ్యాహ్నం ఆ తోటలో మనిషికీ పని లేదు, మొక్కకూ మేలు లేదు. పైగా ఎండలో పరిచి ఉంచిన నల్ల పైపులో నిలిచిన నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. ఆ నీళ్లు నేరుగా లేత మొక్క మొదట్లో పడితే వేరు కమిలిపోతుంది. అనుభవమున్న ఆడవాళ్లు మొదటి బిందెడు నీళ్లను పక్కకు వదిలేసి గానీ పైపును మొక్క వైపు తిప్పరు. ఈ సంగతులు యాప్ చేసినవాళ్లకు తెలిసి ఉండకపోవచ్చు. తెలుసుకుని పొద్దున, సాయంత్రం పూటలకు వేర్వేరుగా హాజరు పెట్టడం పెద్ద కష్టమేమీ కాదు. పనిచోట నీడ, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని ఉపాధి చట్టంలోనే రాసి ఉంది. అవి ఉన్నచోట కూడా అంబలో, సల్లో ఇంటి నుంచి తెచ్చుకున్నదే.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టం ఆమోదించింది. అందులో పనిదినాలు 125. వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉండే కాలంలో 60 రోజుల దాకా ఈ పనులు ఆపే వీలుంది. ఆ విరామాన్ని ఎప్పుడు పెట్టాలో రాష్ట్రం చెప్పాలి. మహబూబాబాద్ వైపు మిర్చి ఏరే పని మార్చి, ఏప్రిల్ దాకా సాగుతుంది, కూలీల కోసం రైతులు పోటీ పడతారు, నిజమే. అలాగని విరామాన్ని తెచ్చి వేసవిలో పడేస్తే నర్సరీల్లో ఒక్క మొక్కా మిగలదు. మొక్కల పనిని ఈ విరామం నుంచి మినహాయించాలని జిల్లాల నుంచే గట్టిగా అడగాలి.

వాటా సంగతికి వద్దాం. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఈ మూడు జిల్లాలూ కాకతీయుల చెరువుల మీద బతికిన నేల. బయ్యారం చెరువు గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ తవ్వించిందని అక్కడి శాసనం చెబుతుంది. భూపాలపల్లి పక్కన గణపురం చెరువూ ఆ కాలందే. ఆనాడు చెరువు తవ్వించిన వాళ్లకు, దాన్ని బాగు చేస్తూ ఉండేవాళ్లకు దాని కింద సాగయ్యే భూమిలో పదో వంతు వరకు పన్ను లేకుండా ఇచ్చేవారు, దశబంధం అనేవారు. తూము తీసి, మడి మడికీ నీళ్లు పంచే నీరటికి కల్లం దగ్గరే గింజలు కొలిచేవారు. పంట పండితేనే అతనికి గింజ. అందుకే కట్ట మీద నెర్రె కనబడినా, తూములో చెత్త అడ్డం పడినా ముందు పరుగెత్తేది అతనే. ఆ వ్యవస్థలో కులం కట్టుబాట్లున్నాయి, వెట్టి ఉంది, దాన్ని ఎవరూ తిరిగి తెమ్మనడం లేదు. నీళ్లు చూసుకునేవాడికి పంటలో హక్కు ఉండాలన్న ఆ ఒక్క సూత్రం మాత్రం ఏడెనిమిది వందల ఏళ్లు చెరువుల్ని నిలబెట్టింది.

ఇప్పటి ఉదాహరణ కావాలంటే జనగామలోనే ఉంది. సర్వాయి పాపన్న కోట కట్టుకున్న ఖిలాషాపూర్ ఈ జిల్లాలోనిదే. గీత వృత్తి మీద బతికే కుటుంబాలు చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఉన్నాయి. హరితహారంలో ఎక్సైజ్ శాఖ ఈత మొక్కలు ఇచ్చింది, గీత సహకార సంఘాలకు ఈత వనాల కోసం అయిదెకరాల వరకు భూమి ఇవ్వాలన్న జీవో కూడా ఉంది. ఈత మొక్క గీతకు రావడానికి ఏళ్లు పడుతుంది. అయినా సంఘం సభ్యులు బిందెలు మోసి బతికించుకుంటారు. అది ఎండిపోతే ఏ ఇంటి పొయ్యి మీద దెబ్బ పడుతుందో ఊరందరికీ తెలుసు. అదే ఊళ్లో ప్రకృతి వనం ఎండిపోతే నష్టం ఎవరికి? ఎవరికీ కాదు. కార్యదర్శికి ఒక మెమో రావచ్చు.

మన దగ్గరే కాదు, ఉమ్మడి భూమిని తోటలుగా నిలబెట్టుకున్న దేశాలు వాటాను చట్టంలోనే రాసుకున్నాయి. జర్మనీలో పట్టణ పేదల కోసం పందొమ్మిదో శతాబ్దంలో మొదలైన చిన్న తోటలకు 1983లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఒక్కో మడి 400 చదరపు మీటర్లకు మించకూడదు. అందులో కనీసం మూడో వంతు సొంతంగా తినడానికి కూరగాయలు, పండ్లు పెంచాలని అక్కడి కోర్టు తేల్చింది. 2019 జులై 25న ఆ దేశంలో 41.2 డిగ్రీల రికార్డు ఎండ కాసింది. మన లెక్కలో అది మామూలు మే నెల రోజే, వాళ్లకు మాత్రం ఎన్నడూ చూడని ఎండ. అలాంటి రోజుల్లోనూ తన మడికి తను నీళ్లు పెట్టుకోవడానికి ఎవరి ఆదేశాలూ అక్కర్లేదు.

కాబట్టి ప్రకృతి వనంలో ఒక భాగాన్నయినా తినే తోటగా మార్చాలి. మునగ, కరివేపాకు, నిమ్మ, జామ, బొప్పాయి ఊరి వంటింటికి పనికొస్తాయి. కింద ఖాళీలో కూరగాయలు. ఎండాకాలం ఏ పంటైనా వస్తుందనుకుంటే పొరపాటే. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పూత రాలిపోతుంది, ఎన్ని నీళ్లు పోసినా కాయ నిలవదు. బెండ, గోరుచిక్కుడు తట్టుకుంటాయి. గోంగూర, తోటకూర, బచ్చలి కాస్త నీడలో బాగా వస్తాయి. దోస, కాకర, బీర పందిరి ఎక్కితే వాటి నీడలో మరో రెండు మడులు ఆకుకూర తీయొచ్చు. నీడ చెట్లలో వేప, కానుగ తెలివైనవి. శిశిరంలో ఆకు రాల్చి, సరిగ్గా ఎండలు ముదిరేనాటికి కొత్త చిగురుతో నిలబడతాయి. ఊరి పెద్దలు రచ్చబండ దగ్గర వాటినే నాటడంలో లెక్క ఉంది.

నీళ్లు తక్కువైనచోట పోసే తీరు మార్చాలి. మొక్క మొదట్లో పాదు వెడల్పుగా తీసి, వరిగడ్డో ఎండుటాకులో నాలుగు వేళ్ల మందాన పరిస్తే తడి త్వరగా ఆరదు. గడ్డికి చెదలు పడతాయి కాబట్టి కింద కొంచెం వేపపిండి చల్లుకోవాలి. పొట్టు పరిచినా పనవుతుంది. నైరుతి వైపు నాలుగు కంది మొక్కలో ఆముదం చెట్లో ఉంటే మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలదు. ఇంకా మంచిది కుండ పద్ధతి. మెరుగు పెట్టని మట్టికుండను మెడ దాకా నేలలో పాతి నీళ్లు నింపితే, గోడల్లోంచి చెమ్మ ఊరుతూ వేళ్లకు అందుతుంది. చైనాలో క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దం నాటి ఫాన్ షెంగ్‌ఝీ వ్యవసాయ గ్రంథంలోనే దీని వివరం ఉంది. పంచాయతీ పచ్చదనం బడ్జెట్‌లోంచి ఊరి కుమ్మరికి వంద కుండల ఆర్డర్ ఇస్తే ట్యాంకరు డీజిల్ తగ్గుతుంది, ఆ డబ్బూ ఊళ్లోనే తిరుగుతుంది. వనం పక్కన వాననీటి గుంతలు తవ్వుకోవడం మరో పని. మహబూబాబాద్ జిల్లానే చూడండి. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కంకర మొత్తం వరదకు కొట్టుకుపోయింది. అదే జిల్లాలో మే వస్తే మొక్కకు బిందెడు నీళ్ల కోసం ట్యాంకరు వైపు చూడాల్సి వస్తోంది.

బడి తోటల గురించి కూడా ఒక మాట. మధ్యాహ్న భోజనానికి కూరగాయలు పండించాలని బళ్లలో మడులు వేయిస్తున్నారు, పిల్లలు ఇష్టంగా చేస్తారు. ఏప్రిల్ 24న వేసవి సెలవులు మొదలై జూన్ 12న బడి తెరుచుకుంటుంది. మధ్యలో 49 రోజులు, సంవత్సరం మొత్తంలో అతి భయంకరమైన ఎండలు సరిగ్గా ఆ రోజుల్లోనే. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే నాటికి బడి గేటుకు తాళం ఉంటుంది. ఆ 49 రోజులు తోటను ఊళ్లోని ఏదో ఒక మహిళా సంఘానికి అప్పగించి, అప్పుడు వచ్చిన కూరగాయలన్నీ మీవేనని రాసివ్వడానికి హెడ్‌మాస్టర్‌కు అధికారం ఉంటే చాలు. ఇప్పుడు ఆ అధికారం ఎవరికుందో స్పష్టంగా ఎక్కడా లేదు. అందుకే ఎవరూ పూనుకోరు.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. ఉమ్మడి స్థలంలో కొందరికి వాటా ఇస్తే మిగతావాళ్లు ఊరుకుంటారా? పలుకుబడి ఉన్నవాళ్లే మడులన్నీ పంచుకుంటారేమో. ఇవి ఊహించుకున్న భయాలు కావు, చెరువులో చేపల వేలం దగ్గరా, అసైన్డ్ భూముల దగ్గరా ఊళ్లు చూసినవే. అందుకే హక్కు భూమి మీద ఉండకూడదు, ఫలసాయం మీద మాత్రమే ఉండాలి. అదీ ఒక ఏడాదికే. మొదటి అవకాశం నర్సరీలో నీళ్లు పోసిన కూలీలకు, భూమి లేని కుటుంబాలకు ఇవ్వాలి. పేర్లు గ్రామసభలో చదవాలి. రెండు వారాలు మడి ఎండబెడితే తర్వాతి కుటుంబానికి ఇవ్వాలి. గొడవలు అప్పుడూ వస్తాయి. ఎండిన వనం గురించి మాత్రం ఏ ఊళ్లోనూ గొడవ జరగడం లేదు, దాని మీద ఎవరికీ ఏ హక్కూ లేదు గనక.

కలిసి నిర్ణయం తీసుకోవడం ఈ ప్రాంతపు ఊళ్లకు చేతకాని పని కాదు. లింగాలఘనపూర్ మండలంలోని ఏనెబావి రైతులంతా ఒకే మాట మీద రసాయన ఎరువులు, పురుగుమందులు మానేసి 2006లోనే తమ ఊరిని రసాయన రహిత గ్రామంగా ప్రకటించుకున్నారు. అప్పట్లో చుట్టుపక్కలవాళ్లు నవ్వారు, తర్వాత ఎక్కడెక్కడి నుంచో రైతులు బస్సుల్లో వచ్చి చూసి వెళ్లారు.

2025 డిసెంబరులో గెలిచిన సర్పంచులకు ఇది చేతికందే పని. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని చట్టమే చెబుతోంది, మొక్కల పెంపకం చూసుకోవడానికి స్థాయీ సంఘం ఉండాలనీ చెబుతోంది. మార్చిలోపు ఒక తీర్మానం చేసుకోవాలి. ఏ మడి ఎవరిది, బోరు ఏ పూట ఎవరికి, కుండలకు ఎంత, ఎండ ముదిరిన రోజుల్లో పని వేళలు ఏవి అన్నది అందులో రాసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వం తన వంతుగా రెండు పనులు చేయాలి. వేసవి భత్యాన్ని కేంద్రం ఇవ్వకపోతే పచ్చదనం నిధుల్లోంచైనా మళ్లీ మొదలుపెట్టాలి. 85 శాతం మొక్కలు బతికాయో లేదో తేల్చే లెక్కను, వానలకు అన్నీ పచ్చబడ్డాక కాకుండా, ఏటా జూన్ ఒకటో తారీఖునే తీయాలి.